ఏ నీళ్లతో తడవాలో ఎవరూ చెప్పలేదు

మా చిన్నప్పుడు... ఒక వానాకాలం ఊరు ఊరంతా వాంతులు, విరేచనాలతో మంచం పట్టింది. పాలకుర్తి అవతల చిన్న ఊరు మాది. ఊరి నడుమ మా బాపు కిరాణా కొట్టు. ఆ వారమంతా కొట్టులో ఉప్పు, చక్కెర తప్ప ఇంకేవీ పెద్దగా అమ్ముడుపోలేదు.

మా తమ్ముడు అప్పుడు పసివాడు. పొద్దున మొదలైన వాంతులకు మధ్యాహ్నానికల్లా కళ్లు లోపలికి పోయాయి. ఏడ్చే ఓపిక కూడా లేక అమ్మ ఒళ్లో వాలిపోయాడు. అమ్మ వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి మాటిమాటికీ చూసుకునేది... అది చూసి నాకు భయమేసింది.

అంతకు ముందురోజే దవాఖాన నుంచి వచ్చిన నర్సమ్మ ఊరంతా తిరిగి ఒకటే మాట చెప్పింది.

"మీ బాయిల వాన నీళ్లు కలిసినయ్. ఆ నీళ్లు తాగకుండ్రి. అవతలి వాడల బోరింగు నీళ్లు మంచిగున్నయ్, గవి తెచ్చుకోండ్రి."

అంతే... రోగం కంటే ఆ మాటే ఊరికి ఎక్కువ గుబులు పుట్టించింది. అవతలి వాడ అంటే దళితవాడ. అక్కడి వాళ్లను ఊరి బావి గట్టు కూడా ఎక్కనివ్వని రోజులవి. అలాంటిది వాళ్ల దగ్గరికి మనం బిందె పట్టుకుని పోవడమా... ఏ అరుగు మీద చూసినా గుసగుసలే.

"ఆ నర్సమ్మది ఏ కులమో అడిగిండ్రా" అని ఒకరు.

"వాడోళ్లకు ఒక్కలకు గూడ ఏం కాలే. మనకే ఎందుకైతంది" అని ఇంకొకరు.

వాళ్లు మంచి నీళ్లు తాగారు కాబట్టి వాళ్లకేమీ కాలేదు. ఐదో తరగతి చదివే నాకే అర్థమైంది అది. మా పెద్దమనుషుల బుర్రలు మాత్రం అడ్డంగా తిరిగాయి. వాళ్లకేమీ కాలేదంటే, చేసింది వాళ్లేనని తేల్చేశారు...

ఇక ఆ నింద మోయడానికి ఒక మనిషి కావాలి. కొమురమ్మ దొరికింది.

వాడలో ఉండే కొమురమ్మ రోజూ మా వాకిలి ఊడ్చేది. ఆమె బిడ్డ స్వరూప నా క్లాసే. కొమురమ్మ తెల్లవారుజామున బావి దగ్గర పేడ ఎత్తుతుంటే ఎవరో చూశారట. పిడకల కోసం ఆమె రోజూ ఎత్తేదే అది. అయినా బావిలో ఏదో కలిపిందన్నారు. కాసేపటికి అదే చేతబడి అయింది. మా నానమ్మ అయితే ఆమె ఊడ్చిన వాకిట్లో ముగ్గు కూడా వేయనివ్వలేదు.

ఆ మధ్యాహ్నమే హనుమాండ్ల గుడి ముందు పంచాయితీ పెట్టారు. కొమురమ్మను ఊరి నుంచి వెళ్లగొట్టాలని ముందే అనుకుని వచ్చారని వాళ్లు కూర్చున్న తీరులోనే తెలుస్తోంది. స్వరూప తల్లి కొంగు పట్టుకుని నిలబడింది. నేను పిలిచినా నా వైపు చూడలేదు. తల్లిని వెళ్లగొడితే అదీ పోతుంది కదా అని జనంలోంచి దాని పక్కకు జరిగాను.

"నువ్వు చెయ్యకపోతె తడిబట్టల మీద ప్రమాణం చెయ్" అన్నాడు పటేలు. నెత్తిన నీళ్లు పోసుకుని, ఆ తడిబట్టలతోనే గుడి మెట్టు మీద చెయ్యి పెట్టి ఒట్టు వేయాలి. అబద్ధమాడితే దేవుడే చూసుకుంటాడని మా దగ్గర నమ్మకం.

కొమురమ్మ ఏడవలేదు.

"చేస్త పటేలా... గని ఏ నీళ్లు పోసుకోవాలె? మీ బాయి నీళ్లంటె నన్ను ముట్టనియ్యరు. మా బోరింగు నీళ్లు పోసుకొనొస్తె గుడి మెట్టు మైలైతదంటరు. ఏ నీళ్లతోని తడవాల్నో మీరే చెప్పుండ్రి."

పటేలు మీసం సవరించుకున్నాడు. పూజారి మబ్బుల వైపు చూశాడు. బావి నీళ్లంటే బొక్కెన ఆమె చేతికివ్వాలి. బోరింగు నీళ్లంటే ఆ నీళ్లకు మైల లేదని ఒప్పుకోవాలి.

అప్పుడే వాడ వైపు నుంచి మా అమ్మ వచ్చింది. చంకలో తమ్ముడు, నెత్తిన నిండు బిందె.

"ఏడికెళ్లి తెస్తున్నవే" అని నానమ్మ అడిగింది.

"బోరింగు కాడికెళ్లి. పోరడు బతకాలె గదా అత్తమ్మా" అంది అమ్మ. తర్వాత పంచాయితీ నడుమకు వచ్చి, "పిల్లగాడు చంకలున్నడు... జర బిందె దించు కొమురమ్మా" అంది.

కొమురమ్మ ఒకసారి పటేలు వైపు చూసి, బిందె అందుకుని దించింది. ఆమె చెయ్యి తగిలిన ఆ నీళ్లనే అమ్మ బిందె మీద బోర్లించిన గ్లాసుతో ముంచి, కొంగున కట్టుకున్న ఉప్పూ చక్కెరా కలిపి, అందరూ చూస్తుండగా తమ్ముడికి తాగించింది. అమ్మ మనసులో న్యాయం గురించి పెద్ద ఆలోచనలేవో ఉన్నాయని నేననుకోను. కొడుకు దక్కాలి... అంతే. అయినా ఆ రోజు అమ్మను చూస్తే నాకు ఎంత గర్వంగా అనిపించిందో.

"తర్వాత చూద్దాం తియ్" అంటూ పంచాయితీ లేచిపోయింది. పొద్దుగూకేసరికి ఊరి ఆడవాళ్లు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని పెరటి దారుల్లో బోరింగు దగ్గరికి పోయారు. పటేలు ఇంటి బిందె కూడా అక్కడ కనబడింది. తమ్ముడు లేచి తిరిగాడు, ఊరూ లేచింది. కొమురమ్మతో మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు ఊళ్లో వాటర్ ప్లాంటు వచ్చింది. క్యాను ఎవరు నింపారని ఎవరూ అడగరు... చాలా మారిందనే అనుకున్నాను. స్వరూప ఇప్పుడు ఆశా వర్కర్. మొన్న జ్వరాలప్పుడు ఇల్లిల్లూ తిరిగి మాత్రలిచ్చింది. మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు: "ఆమె తిరిగిన ఇండ్లల్లనే జ్వరాలొస్తున్నయ్, జర చూసుకోండ్రి."

కోపం ఆపుకోలేక స్వరూపకు ఫోన్ చేశాను.

"జ్వరమున్న ఇంటికే గదా నేను పోయేది" అని నవ్వింది. మళ్లీ తనే, "మా అమ్మ పోయేదాక ఎదురుచూసింది, ఎవలన్న ఒక్కలొచ్చి తప్పయిందంటరేమోనని" అంది.

మీ ఊళ్లోనూ ఎవరో ఒకరిని ఇలా అనుమానించే ఉంటారు... తర్వాత వాళ్ల గడప దగ్గరికి పోయి తప్పయిందని చెప్పిన వాళ్లెవరైనా ఉంటే ఇక్కడ రాయండి. స్వరూపకు చదివి వినిపిస్తాను.