బ్యాంకు బండలు

2021 నవంబరులో నన్ను ధర్మవరం శాఖకు మేనేజరుగా బదిలీ చేశారు. పదవీ విరమణకు అప్పటికి పదకొండు నెలలుంది. ఆఖరి ఏడాది సొంత జిల్లాకు పంపడం మా బ్యాంకులో ఆనవాయితీ. మర్యాద కోసం దాన్ని విశ్రాంతి పోస్టింగు అంటారు. మాది నల్లమాడ పక్కన ఒక పల్లె కాబట్టి నాకూ ఆ గౌరవం దక్కింది. శాఖలో విశ్రాంతి తీసుకుంటున్నది మాత్రం ఏసీ ఒక్కటే.

ఆ శాఖ వ్యాపారంలో సగం పట్టు, సగం ఇళ్లు. పట్టు సంగతి అక్కడి పాతకాపులకు తెలుసు. ఇళ్ల సంగతి నేను చూసుకోవాలి. చదివేవాళ్ల కోసం రెండు మాటలు చెబుతాను. బ్యాంకులిచ్చే అప్పుల్లో చవకైన వాటిలో గృహరుణం ఒకటి. మనిషి ఏది ఎగ్గొట్టినా తలమీది కప్పు పోగొట్టుకోడని బ్యాంకుల నమ్మకం. అదే కట్టడాన్ని వ్యాపార ఆస్తి అని రాస్తే వడ్డీ రెండున్నర శాతం పెరిగేది. దీనికి తోడు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు మొదటి ఇల్లు కొంటే కేంద్రం వడ్డీ రాయితీ ఇచ్చేది. దాన్ని నెలనెలా ఇవ్వరు. మొత్తం ముందే లెక్కగట్టి అసలులో జమ చేస్తారు, ఆ మేరకు అప్పు తగ్గుతుంది. షరతులు మూడు: ఇల్లు ఆడమనిషి పేర ఉండాలి, దేశంలో వేరే పక్కా ఇల్లు ఉండకూడదు, కొన్నది నివాసమే అయ్యుండాలి. ఆ పథకం 2022 మార్చి నెలాఖరుతో ముగియబోతోంది.

చిక్కంతా మూడో షరతు దగ్గర వచ్చింది. ఉత్పత్తి కోసం స్థిరంగా అమర్చిన సాధనం ఏ గదిలో ఉన్నా ఇల్లంతా వ్యాపార ఆస్తేనని మా నిబంధనల పుస్తకం చెప్పేది. ధర్మవరంలో నేసేది గుంత మగ్గం మీద. హాల్లో మూడడుగుల లోతు గుంత తీసి, దాని గట్టున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, కింది చెక్కలు తొక్కుతూ నేస్తారు. గుంతను మించిన స్థిరమైన సాధనం ఏముంటుంది? దాన్ని ఎవడూ ఎత్తుకుపోలేడు.

అందుకని ఊరు ఒక ఉపాయం కనిపెట్టింది. మేనేజరు తనిఖీకి వచ్చేసరికి నేల చదునుగా ఉండాలి. కొందరు తనిఖీ అయ్యేదాకా గుంత తీయరు. అప్పు చేతికొచ్చాక నేల పగలగొట్టి తవ్వుకుంటారు. ముందే గుంత తీసినవాళ్లు దాని మీద బండలు పరుస్తారు.

నా మూడో తనిఖీలో కుర్చీ కింద బండ కదిలి కాఫీ నా చొక్కా మీద పడింది. తుడుచుకుంటూ చూస్తే ఆ తాడిపత్రి బండ అంచున పచ్చ రంగు మరక కనబడింది. అంతకుముందు చూసిన రెండిళ్లలోనూ అదే మరక ఉంది. ఇళ్లు కట్టే మేస్త్రీ ఓబులేసు పక్కనే నిలబడి ఉన్నాడు. ఏమప్పా ఇది అన్నాను.

“బ్యాంకు బండలు సార్. మీకంటే ముందుగాల ఇవే పోతాయి. మీరు లేసినంక ఇంగో ఇంటికి.”

నవ్వాను. మిగిలిన కాఫీ తాగాను. నివేదికలో ‘హాలు, బండల నేల’ అని రాసి సంతకం పెట్టాను. రాయితీ కోసం రాయి పరిచారు, రాసేవాణ్ణి నేనే కదా అనుకున్నాను. ఆ చమత్కారానికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. జనవరి ముగిసేలోగా అలాంటి నివేదికలు ఏడు రాశాను.

ఎనిమిదో దరఖాస్తు రామాంజినమ్మది. వయసు నలభై లోపే. ఆమె, భర్త ఆదెప్ప ఇద్దరూ నేస్తారు. బత్తలపల్లె రోడ్డులో కొత్తగా వేసిన లేఅవుటులో ఓబులేసు కడుతున్న ఇల్లు కొనాలని పన్నెండు లక్షల అప్పు అడిగింది. ఫిబ్రవరి మొదటి వారంలో తనిఖీకి వెళ్లాను. వాకిట్లో ఆటో ఆగి ఉంది, అందులో పచ్చ మరక బండలు. ఓబులేసు గడప బయట, రామాంజినమ్మ గడప లోపల.

“అర్ధగంట పనక్కా. సారు కాఫీ తాగేంత సేపే.”

“నా మగ్గం మీద బండెయ్యమని నీకెవురు సెప్పినారప్పా? ఎత్తుకోని పో.”

“అందురూ ఏసుకుంటాండారు కదక్కా.”

“అందురూ మొగాలు తిప్పుకోని బతికితే నేనూ తిప్పుకోవాల్నా?” అని నా వైపు తిరిగింది. “సార్, మీరు ఇల్లు సూసేకి వచ్చినారా, సూడకుండా పొయ్యేకి వచ్చినారా?”

లోపలికి వెళ్లాను. హాలు మధ్య గుంత. పునాదితో పాటే తీయించి, నాలుగు పక్కలా రాతి కట్టు కట్టించింది. నేను మెల్లగా నిబంధన వివరించాను. గుంత ఉందని రాస్తే నెలకు పదిహేడు వందలు ఎక్కువ కట్టాలని, పదిహేనేళ్లకు అది మూడు లక్షలు దాటుతుందని, రెండు లక్షలకు పైగా వచ్చే రాయితీ కూడా పోతుందని చెప్పాను. మూడడుగుల గుంత ఖరీదు ఐదు లక్షలన్నమాట.

ఆమె అంతా విన్నది. “మగ్గం లేదని అబద్దం సెప్తే తక్కువ వడ్డీ, ఉండాదని సెప్తే ఎక్కువ వడ్డీ. అంతేనా సార్? ఆ రూలు రాసినాయప్ప ఇంట్లో పట్టుచీరలు కట్టరా? అవి యాడ నేసినారనుకున్నాడు, మబ్బులోనా?”

ఆదెప్ప “గమ్మునుండు” అన్నాడు. ఉండలేదు.

“ఇరవై ఏండ్లు బాడిగిండ్లలో ఉన్నాం. మగ్గం సప్పుడని మూడిండ్లు ఖాళీ సేపిచ్చినారు. సర్కారోళ్లు కాలనీలో స్థలం ఇస్తామన్నారు, పోయి సూస్తిమి. ఆడ మగ్గం పెడితే మనుసులు బయట పండుకోవల్ల, మనుసులు పండుకుంటే మగ్గం బయట. వద్దని రాసిచ్చి వస్తిమి. ఈ ఇల్లు కొంటాండేదే మగ్గానికి సార్. దాంట్లోకి పొయ్యేకి మగ్గాన్నే దాసి పెట్టాల్నా?”

ఆ రోజు కాఫీ ఇవ్వలేదు. అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

శాఖకు వచ్చి నివేదిక ముందు కూర్చున్నాను. ఈ అప్పు మంజూరు చేసే అధికారం నాకుంది. ‘హాలు, బండల నేల’ అని రాస్తే సాయంత్రానికి పని అయిపోతుంది. గుంత గురించి రాస్తే నిబంధనకు మినహాయింపు కోరాలి, అది అనంతపురం ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లాలి. పథకం గడువుకు ఏడు వారాలే ఉంది. ధైర్యం వచ్చి రాశానని చెప్పుకోను. సూసేకి వచ్చినారా అన్న ప్రశ్నకు వేరే జవాబు దొరకలేదు, అంతే. ‘హాలులో రాతి కట్టుతో మగ్గం గుంత ఉంది. కుటుంబం ఇక్కడే నివసిస్తూ ఇక్కడే నేస్తుంది. దీన్ని నివాసంగానే పరిగణించాలని సిఫారసు చేస్తున్నాను’ అని రాసి పంపాను.

పదో రోజున ప్రాంతీయ మేనేజరు ఫోన్ చేశారు. గుంటూరు వైపు మనిషి, నాకంటే రెండు మెట్లు పైన, వయసులో పదేళ్లు చిన్న.

“ఏవండీ, రిటైరయ్యే ముందు ఈ గొయ్యెందుకు తవ్వుకున్నారు? ఆ ఒక్క లైను తీసేసి మళ్లీ పంపండి.”

“తవ్వింది ఆవిడ సార్. నేను చూశానంతే.”

“మరి మిగతా ఏడిళ్లలో చూడలేదా? అన్నీ నేతగాళ్లవే. ఒక్కదాంట్లోనూ మగ్గం లేదని రాశారు. రేపు ఆడిటర్ అడిగితే ఏం చెప్పమంటారు?”

ప్రశ్న న్యాయమైనదే. రెండు రోజుల్లో అది రాతపూర్వకంగా వచ్చింది. దాన్ని సంజాయిషీ కోరడం అంటారు. జవాబు తృప్తిగా లేకపోతే ఆరోపణ పత్రం వస్తుంది. విరమణ లోపు అది తేలకపోతే గ్రాట్యుటీ ఆగుతుంది.

ఈలోగా ఓబులేసు శాఖకే వచ్చాడు. అంతకుముందెప్పుడూ గొంతు పెంచనివాడు, కౌంటరు ముందు నిలబడి అడిగాడు.

“మీరు నిజం సెప్పి పుణ్యం కట్టుకుంటారు సార్. ఆ ఏడిండ్లోళ్ల రాయితీ ఎనక్కి గుంజుకుంటే? మీరు పింఛను తీసుకోని పోతారు, వాళ్లు యాడికి పోవల్ల?”

ఆ మాట నన్ను నిజంగా భయపెట్టింది. నా తప్పు ఒప్పుకునే హక్కు నాది, దాని ఖర్చు ఇంకొకరి నెత్తిన వేసే హక్కు నాది కాదు. ఏడు దరఖాస్తులూ తీసి మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఇల్లు ఎవరి పేర, వేరే ఇల్లుందా, ఎవరు నివసిస్తారు అన్నీ ఉన్నాయి. మగ్గం ఉందా అన్న ప్రశ్న ఎక్కడా లేదు. అడగనిదానికి వాళ్లు అబద్ధం చెప్పలేదు. అబద్ధం ఉన్నది తనిఖీ నివేదికలో, దాని కింద ఉన్న సంతకం నాదొక్కటే.

సంజాయిషీలో అదే రాశాను. ఏడిళ్లలోనూ గుంతలున్నాయి. మూడింట్లో వాటి మీద పరిచిన బండలపై కూర్చుని కాఫీ తాగాను, నాలుగింట్లో తర్వాత తవ్వుతారని తెలిసీ రాయలేదు. అప్పు వాళ్లది, తప్పు నాది. చర్య తీసుకుంటే నా మీదే తీసుకోవాలి. ఎనిమిదిళ్లనూ తమరు స్వయంగా చూడాలని కోరుతున్నాను.

ప్రాంతీయ మేనేజరు వస్తారని నేననుకోలేదు. మార్చి మూడో వారంలో వచ్చారు, విలువ కట్టే ఇంజనీరును వెంటబెట్టుకుని. రామాంజినమ్మ ముందు రోజే ఏడిళ్లకూ వెళ్లి చెప్పి వచ్చింది: ఎవరూ ఏదీ మూయొద్దు, మగ్గాలు ఆపొద్దు. మేము వీధిలోకి తిరిగేసరికి ప్రతి ఇంటి తలుపూ బార్లా తీసి ఉంది, ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు వస్తోంది. ప్రాంతీయ మేనేజరు నా వైపు చూశారు. నేను ఎండ వైపు చూశాను.

ఇంజనీరు మాటలు తక్కువ మనిషి. నేల పగలగొట్టి తర్వాత తవ్విన నాలుగిళ్లలో గోడ కింద వేలు పట్టేంత పగుళ్లు చూపించాడు. గుంతలోకి చెమ్మ దిగుతోంది. రామాంజినమ్మ ఇంట్లో రాతి కట్టు చుట్టూ సుత్తితో తట్టి చూశాడు. ఇక్కడ పునాది దెబ్బ తినలేదని అన్నాడు. అంటే మేము తనఖా పెట్టుకున్న ఇళ్లను మా కళ్లు మూసుకున్న తనిఖీయే పాడు చేయిస్తోంది. నా సిఫారసులో మూడు వాక్యాలు రాసి చెప్పలేనిది ఆ సుత్తి చెప్పింది.

ప్రాంతీయ మేనేజరు ఇంకో ప్రయత్నం చేశారు. “అమ్మా, మగ్గాన్ని వెనకాల షెడ్డులో పెట్టుకోవచ్చుగా?”

“పెట్టుకుంటా సార్. షెడ్డు కట్టేకి ఇదే వడ్డీకి అప్పిస్తారా?”

షెడ్డయితే అది ముమ్మాటికీ వ్యాపార ఆస్తే. ఆయనకు నవ్వొచ్చింది. నవ్వాపుకోవడానికి నోటు పుస్తకం తెరిచారు.

మార్చి 28న రెండు కవర్లు వచ్చాయి. మొదటిదాంట్లో మంజూరు: కుటుంబం ఉంటూ సొంతంగా నేసుకునే ఇల్లు నివాసమే, గుంతను మూయనక్కర్లేదు, దాన్ని విలువ నివేదికలో నమోదు చేయాలి, పాత ఏడు ఖాతాల జోలికి వెళ్లొద్దు. రెండోదాంట్లో నాకు హెచ్చరిక: తనిఖీల్లో వాస్తవాన్ని నమోదు చేయనందుకు. రెండూ న్యాయమే. 30న రిజిస్ట్రేషను జరిగింది, ఇల్లమ్మినవాళ్లకు బ్యాంకు చెక్కు ఇచ్చాం. ఆ మధ్యాహ్నమే రాయితీ దరఖాస్తును పోర్టల్లో ఎక్కించాం.

కథ అక్కడ సుఖాంతమైందని చెబితే మళ్లీ బండలు పరిచినట్టే. మేలో రిజర్వు బ్యాంకు రెపో రేటు పెంచింది, జూన్‌లో ఇంకోసారి. బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర తీసుకునే అప్పుకు కట్టే వడ్డీని రెపో అంటారు. మా గృహరుణాలు దానికే ముడిపడి ఉంటాయి, అది కదిలితే ఇవీ కదులుతాయి. మా కంప్యూటరుకు ఒక సౌకర్యమైన అలవాటుంది: రేటు పెరిగితే నెల కిస్తు ముట్టుకోకుండా సంవత్సరాలు పెంచేస్తుంది. చాలామందికి ఆ సంగతి తెలియదు, తెలిసినా అడగరు. రామాంజినమ్మ ఫోనులో వచ్చిన సందేశం పట్టుకుని వచ్చింది.

“నన్నడక్కుండా నా అప్పుకు ఏండ్లెట్ల పెంచినారు సార్?”

అడిగితే మార్చుకోవచ్చని చెప్పాను.

“అడుగుతాండా కదా.”

కిస్తు నెలకు ఆరు వందలు పెంచుకుని, గడువు పదిహేనేళ్లకే ఉంచుకుంది. రాయితీ నేను విరమించాక, ఆ ఏడాది చివర్లో జమయిందని తెలిసింది.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఇది. వడ్డీ రేట్లు, గృహ విధానాలు ఢిల్లీలోనూ ముంబయిలోనూ తయారవుతాయి, నిజమే. కానీ వాళ్ల దగ్గరున్న ఊళ్లు మా నివేదికల్లోని ఊళ్లే. ఏళ్ల తరబడి నాలాంటి మేనేజర్లు పంపిన కాగితాల ప్రకారం ధర్మవరం నేతగాళ్ల ఇళ్లలో మగ్గాలే లేవు. లేని మగ్గానికి ఎవరు నిబంధన మారుస్తారు? తప్పుడు రూలును దాటిపోయినవాడు ఆ రోజుకు గట్టెక్కుతాడు, రూలు మాత్రం అక్కడే నిలబడి తర్వాతి మనిషి కోసం ఎదురుచూస్తుంది. దాన్ని కదిలించాలంటే ఉన్నదున్నట్టు రాసి, మీదికి పంపి, వచ్చేది భరించాలి. ఆ హెచ్చరిక పత్రాన్ని సర్వీసు రికార్డు నుంచి తొలగించమని విరమణకు ముందు అర్జీ పెట్టుకోవచ్చన్నారు. పెట్టలేదు.