తప్పు నాదేనండి

మా బాబాయి దర్జీ. చొక్కా బిగుతైందని ఎవరైనా విసురుగా వస్తే, ఒళ్ళు చేసింది వాళ్ళేనని తెలిసినా, "తప్పు నాదేనండి, కుట్టు విప్పి వదులు చేస్తాను" అనేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ ఒక్క మాట మీదే అతని కొట్టు నడిచింది. నాకు మాత్రం వింటేనే ఒళ్ళు మండేది.

ఒకరోజు ఒక పెద్దమనిషి, సరిచేయమని ఇచ్చిన కోటు జేబులో ఉన్న తన బంగారు గొలుసు పోయిందని దొంగతనం కేసు పెట్టాడు. కోర్టులో జడ్జిగారు అభియోగం చదివి, "తప్పు ఒప్పుకుంటావా?" అన్నారు. బాబాయి చేతులు కట్టుకుని, "తప్పు నాదేనండి" అన్నాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం విన్నాం గానీ, గుమ్మడికాయ మొహమే చూడనివాడు తడుముకోవడం అప్పుడే చూశాను. నేరం ఒప్పుకున్నాడని రాసుకుని, శిక్ష సంగతి వచ్చే వాయిదాకి పెట్టారు.

ఇంటికొచ్చాక పిన్ని నిలదీసింది.

"ఏమయ్యా, నిజం చెప్పు. గొలుసు తీశావా?"

"ఛఛ! నేనెందుకు తీస్తానే?"

"మరి ఒప్పుకున్నావేం?"

"అంత పెద్ద జడ్జిగారు అడుగుతుంటే కాదంటే ఏం బాగుంటుంది?"

"జైలుకెళ్తే బాగుంటుందా?" అని పిన్ని ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది.

మర్నాడే బాబాయిని వకీలమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. శిక్ష పడకముందైతే ఒప్పుకోలు వెనక్కి తీసుకుంటామని అడగొచ్చట. సరే అనడం, అనకపోవడం జడ్జిగారి ఇష్టం. ఆవిడ దరఖాస్తు పెట్టింది.

వాయిదా రోజున జడ్జిగారు కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఒప్పుకోమని ఎవరైనా బెదిరించారా?"

"లేదండి."

"మరి కోర్టుతో ఆటలా?"

"తప్పు నాదేనండి!"

వకీలమ్మ తల పట్టుకుంది. పిన్ని కళ్ళు మూసుకుంది. జడ్జిగారు కలం ఆపి, "ఏ తప్పు?" అన్నారు.

బాబాయి మళ్ళీ చేతులు కట్టుకున్నాడు. "మీ సమయం పాడుచేసిన తప్పండి. అది నాదే. గొలుసు మాత్రం నేను తీయలేదండి. ఆ తప్పు నాది కాదు."

నేను పుట్టాక అతని నోట ఆ మాట వినలేదు. నాకు ఏడుపొచ్చింది. జడ్జిగారు నవ్వు ఆపుకుంటూ, ఒప్పుకోలు రద్దుచేసి విచారణకు తేదీ వేశారు.

కేసు ఇంకా నడుస్తోంది. మొన్న ఒకాయన బిగుతైన చొక్కా తెచ్చి కేకలేశాడు. "తప్పు..." అని బాబాయి మొదలుపెట్టాడు. గుండీలు కుడుతున్న పిన్ని తలెత్తింది.

"...నాది కాదండి" అని ముగించి, తనే ఉలిక్కిపడ్డాడు.

ఆయన తెల్లబోయాడు. కాసేపు పొట్ట తడుముకుని, "నిజమేనయ్యా, తప్పు నాదే" అన్నాడు.