సంగటిలో గెనిమ

ఈ పొద్దు మా మనవరాలి వంటింట్లోంచి అడుగంటిన రాగి సంగటి వాసన వచ్చింది. ఆ వాసనతో ఒక మంగళవారం గుర్తుకొచ్చింది. ఎనభైల మొదట్లో, మధ్యాహ్నం ఒంటిగంట, తిరుత్తణి బస్సు మా ఊరి మలుపులో హారను కొట్టే వేళ. సంత సంచులతో నేనూ నేమా దిగాం. నేమా టాంజానియా పిల్ల. పసిబిడ్డలను తూకం వేసి తల్లులకు మంచిచెడ్డలు చెప్పడానికి, జీతం లేకుండా మా ఊరొచ్చి మా పక్క గదిలో ఉంటూ మా ఇంట్లోనే తినేది. తెలుగు నేర్చుకోవాలని రాత్రిబడికి పోతూ నన్నూ లాక్కుపోయింది. నాకప్పటికే ముప్పై దాటాయి. ఆమె లాగకపోతే ఈ నాలుగు ముక్కలు రాసేదాన్ని కాదు.

ఆ పొద్దు సంతలో ఎండుచేపలమ్మే ముసలామె, "ఈ పాప యాడ నుంచి వచ్చినాది?" అని నన్నడిగింది. "పక్కూరే అవ్వా, మధ్యలో సముద్రం ఉండాది," అంది నేమా. ముసలామె నవ్వి రెండు చేపలు ఎక్కువేసింది. అంత నవ్వించిన పిల్ల బస్సెక్కాక మొగం కిటికీ వైపు తిప్పేసుకుంది.

"ఏమి మే?" అన్నాను.

"ఈ పొద్దు మీకు వండిపెట్టి సాయంత్రం తిరువళ్లూరు పోతా రాజమ్మక్కా. నన్ను పంపించిన ఆఫీసులో వేరే ఊరు అడుక్కుంటా. ఇంట్లో అవ్వకు నా మీద కోపం. ఒక్క దినమన్నా నాతో ఒక పళ్లెంలో తినిందా?"

వాళ్ల ఇళ్లల్లో అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుంటారట. విడిగా పెడితే వెలివేసినట్టే. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. "మా ఇంట్లో మొగుడూ పెండ్లామే ఒక పళ్లెంలో తినరు, ఎంగిలి. తెలీకపోతే అడగాల గానీ మూట సర్దుకుంటారా?" అన్నాను. ఆమె నమ్మలేదు.

అవ్వ అంటే మా అత్త కన్నెమ్మ. ఎంగిలి దగ్గర నిప్పు. చెంబు పెదవికి తగిలితే కడిగిందాకా ఊరుకోదు. నేమా సంగటి గట్టిగా కెలికి, కొంచెం అడుగంటించి, పెద్ద పళ్లెంలో కుప్ప పోసి, పైన చేపల పులుసు పోసింది. ఈలోపల నేను వాకిట్లో అత్త చెవిన సంగతి వేశాను. "అందుకా నిన్నటి నుంచి మొగం ముడుచుకోనుండాది," అంటూ ఆమె లోపలికొచ్చి పళ్లెం ముందు కూర్చుంది.  చెయ్యి తడుపుకుని, పొలానికి గట్టు వేసినట్టు సంగటి మధ్యన గెనిమలు పెట్టి మూడు మడులు చేసింది.

"ఇది నా కయ్య, ఇది నీది, ఇది రాజమ్మది. గెనిమ దాటినారంటే తగాదానే."

ముగ్గురం తిన్నాం. సగంలో అత్త చెయ్యి గెనిమ దాటిపోయి నేమా వైపున్న చేపముక్కను ఎత్తుకొచ్చింది.

"అవ్వా, నా కయ్యలోకి వచ్చినావు," అంది నేమా.

"ముసలిదానికి కండ్లు అగుపడవు మే," అని అత్త నములుతూనే ఉంది.

సాయంత్రం తిరువళ్లూరు బస్సు హారను కొట్టి వెళ్లిపోయింది. నేమా మా గిన్నెలు తోముతూ తలెత్తలేదు.

అత్త ఏమీ మారిపోలేదు. పోయేదాకా నా చెంబులో నీళ్లు తాగలేదు. నేనూ ఎంగిలి పట్టింపు పూర్తిగా వదల్లేదు. కానీ ఇంట్లో ఎవరైనా మొగం ముడుచుకుని పళ్లెం పక్కకు తీసుకుపోతే ఊరుకోను. పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి, సంగటిలో గెనిమ పెట్టి, ఏమి జరిగిందో అడుగుతాను. దాటే మొదటి చెయ్యి నాదే.

ఆ మంగళవారం ఆ పళ్లెం చుట్టూ ఉన్నది మా అత్త కన్నెమ్మ, నేమా, నేను రాజమ్మ.