మా నానీకి దొరకని మగతోడు

పొద్దున్న అమ్మ బీరువా తెరవగానే కలరా ఉండల వాసన, దాని వెనకే ఎక్కడో అడుగున దాగిన పాత అత్తరు వాసన గదంతా పరుచుకున్నాయి. బయటికి తీసింది మడతల దగ్గర పసుపెక్కిన తెల్ల మల్లు ఓణీ. మక్కాలో తల మీద కప్పుకోవాలని మా నానీ, అంటే అమ్మమ్మ, తన చేత్తో అంచు కుట్టుకున్న ఓణీ అది. ఆవిడ దాన్ని ఒక్కసారైనా కప్పుకోలేదు. ఎల్లుండి దాన్ని కప్పుకుని అమ్మ హజ్‌కి బయల్దేరుతోంది.

నరసాపురంలో ఏటిగట్టు దగ్గర ఉండేది మా పెంకుటిల్లు. తాతయ్య ఎప్పుడో పోయాడు, నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు, నానీకి అన్నదమ్ములూ లేరు, కొడుకులూ లేరు. నానీ, అమ్మ, అక్క, నేను, చివరికి పెరట్లో కోళ్ళు కూడా పెట్టలే. మగదిక్కంటే పక్కింటి సత్తిబాబు మావయ్య ఒక్కడే. వాళ్ళది చేపలు పట్టే కుటుంబం. అతను పుట్టినప్పుడు వాళ్ళమ్మ మంచం పడితే, కొద్దిరోజులకే మా అమ్మను కన్న నానీ ఇద్దరికీ పాలిచ్చి పెంచిందట. అందుకే ఆవిడనీ అమ్మా అనే పిలిచేవాడు. దసరా దాటి ఏట్లో చీరమేను పడితే, సన్న దారాల్లాంటి ఆ చేపపిల్లల మొదటి గిన్నె మా ఇంటికే వచ్చేది. రంజాన్ పొద్దున నేతిలో వేగిన సేమ్యా, ఖర్జూరం, జీడిపప్పు చిక్కటి పాలల్లో ఉడుకుతుంటే, ఆ షీర్‌ఖుర్మా కోసం మాకన్నా ముందు అరుగు మీద చేరేది అతనే.

నానీకి ఉన్నది ఒక్కటే కోరిక, హజ్. కానీ ఆ రోజుల్లో ఆడమనిషి మహరం లేకుండా కదలడానికి లేదు. మహరం అంటే భర్త, లేదంటే పెళ్ళి వరస కాని తండ్రో కొడుకో తమ్ముడో, అలాంటి దగ్గరి మగవాడు. పోనీ ఎవరైనా ముసలాయన్ని నిఖా చేసుకోరాదా అని సలహా ఇచ్చినావిడకు ఆ పూట మా ఇంట్లో టీ కూడా పుట్టలేదు.

ఒక వేసవిలో, పాలిచ్చి పెంచినవాడు కూడా కన్నకొడుకులాగే మహరం అవుతాడని ఎవరో పెద్దాయన చెప్పగా నానీ విన్నది. ఇక ఆవిణ్ణి పట్టడం మా వల్ల కాలేదు. మక్కాలో కాబా చుట్టూ తిరగడం అలవాటు కావాలని రోజూ సాయంత్రం పెరట్లో నూతి చుట్టూ ప్రదక్షిణలు మొదలుపెట్టింది. తొక్కుడుబిళ్ళ ఆట ఆపేసి అక్కా నేనూ వెనకాల, వలలు పక్కన పడేసి మావయ్య మా వెనకాల. ఆ రోజుల్లోనే ఈ ఓణీ కుట్టుకుంది.

దరఖాస్తులు తీసుకునే మసీదు పెద్ద దగ్గరికి అందరం వెళ్ళాం. మావయ్య తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, నుదుటన కుంకుమ బొట్టుతో వచ్చాడు.

"నీతో వచ్చే మగమనిషెవరు బీబమ్మా?"

"నా కొడుకండి," అని నానీ మావయ్యను ముందుకు తోసింది.

ఆయన నవ్వలేదు, కసరలేదు. "పాలిచ్చిన కొడుకు చెల్లుతాడమ్మా. కానీ ముస్లిం కానివాళ్ళని అసలు ఆ ఊళ్ళోకే రానివ్వరు. నా చేతుల్లో ఏముంది చెప్పు?"

"నేను లోపలికి రానండి," అన్నాడు మావయ్య. "ఊరి బయట ఎక్కడో కూర్చుంటాను. అమ్మ తిరిగొచ్చేదాకా కదల్నండి."

ఆయన దరఖాస్తు కాగితాన్ని తిరిగి నానీ చేతిలో పెట్టాడు. తిరిగొచ్చే దారిలో మావయ్య, "పోనీ నేను మీ మతంలో కలిసిపోతానమ్మా," అన్నాడు. నానీ నడిరోడ్డు మీద ఆగిపోయింది. "పిచ్చోడా, మీ అమ్మ నీకోసం రోజూ దీపం పెడద్ది. దాన్ని ఏడిపించి అక్కడికెళ్ళి నేనేం అడగను?"

ఆ తర్వాత కూడా నానీ నూతి చుట్టూ తిరగడం మానలేదు. అది చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది. ఏం చెయ్యాలో మాలో ఎవరికీ తెలిసేది కాదు, వెనకాల తిరగడం తప్ప. అలా తిరిగి తిరిగి, ఒక వానాకాలంలో మంచం పట్టి పోయింది.

ఇప్పుడు ఆ పెంకుటిల్లు లేదు, నుయ్యి పూడ్చేశారు, ఏట్లో చీరమేను పడటమే గగనమైంది. మగతోడు నిబంధన కూడా ఈమధ్య సడలించారు. అమ్మ మరో ముగ్గురు ఆడవాళ్ళతో కలిసి వెళుతోంది. పక్కన మగవాడెవరని ఈసారి ఎవరూ అడగలేదు. అడగనందుకు సంతోషించాలో, నానీని అన్నేళ్ళు ఆపినందుకు ఎవరి మీద కోప్పడాలో నాకు తెలియడం లేదు.

మధ్యాహ్నం మావయ్య వచ్చాడు. జుట్టంతా నెరిసింది, బొట్టు మాత్రం అలాగే ఉంది. ఓణీని చేతుల్లోకి తీసుకుని నానీ కుట్టిన అంచును వేలితో తడిమాడు.

"అమ్మ పేరు చెప్పి అక్కడో దండం పెట్టు చెల్లెమ్మా."

"పెడతానన్నయ్యా."

ఓణీ తిరిగి ఇచ్చేస్తూ అడిగాడు. "నేను స్టేషన్ దాకా రావచ్చు కదా? దానికేం రూలు లేదుగా?"