ఖాళీ కడుపుతో రమ్మన్నారు

మా ఇంట్లో ఎవరూ ఏమీ తినకుండా గడప దాటకూడదు. అది మా అత్త పెట్టిన చట్టం. పెళ్లి భోజనానికి పోతున్నా సరే, ఇంట్లో ఒక ముద్ద తిని పోవాల్సిందే. నేను కోయిలకుంట్లకు కోడలిగా వచ్చిన కొత్తలో, బస్సుకు టైమైపోతోందని ఎంత మొత్తుకున్నా వదిలేది కాదు. అట్లా ఎన్ని బస్సులు పోగొట్టుకున్నానో నాకే తెలుసు.

ఆ చట్టం మా కుక్కకు కూడా వర్తిస్తుందని మాత్రం నాకు తట్టలేదు.

కుక్కను ఇంటికి తెచ్చింది నేను. "లోపలికొస్తే కాళ్లిరగ్గొడతా" అన్నది అత్త. ఏడాది తిరక్కుండానే అది ఆమె మంచం మీద, ఆమె దుప్పట్లో పడుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు దానికి పెద్దవయసు, మూతి నెరిసింది. నేను పిలిస్తే తోక ఊపి ఊరుకుంటుంది, ఆమె పిలిస్తే లేచి వస్తుంది. ఆ విషయంలో నాకిప్పటికీ కడుపుమంటే.

మొన్న ఎండాకాలంలో అది మంచం ఎక్కలేక, కింద నిలబడి మూలగడం మొదలుపెట్టింది. పొట్ట మీద చెయ్యి వేస్తే బిగుసుకుపోయేది. ఊళ్లో మందులు వాడినా తగ్గలేదు. కర్నూలులో కుక్కల డాక్టరుకు ఫోన్ చేస్తే, ఎక్స్‌రే తీయాలి, రాత్రి నుంచి ఏమీ పెట్టకుండా ఖాళీ కడుపుతో తీసుకురండి అన్నాడు. ఆ మాట అత్తకు రాత్రి చెప్పాను, పొద్దున లేచీ చెప్పాను. "నాకేమన్నా చెవుడా?" అని కసురుకుంది.

కర్నూలు చేరాక డాక్టరు ఎక్స్‌రే ఫొటో తీసి, కంప్యూటర్లో ఒక ప్రోగ్రాంకు పంపాడు. ఎక్స్‌రేలు చదివే కృత్రిమ మేధ అట. ఎన్నో కుక్కలవీ పిల్లులవీ ఎక్స్‌రేలు చూసి నేర్చుకుందట. అనుమానం ఉన్న చోట రంగు గీతతో డబ్బా గీసి చూపిస్తుందట. మేము సర్దుకుని కూర్చునేలోగా కడుపు దగ్గర పెద్ద ఎర్ర డబ్బా వచ్చేసింది. వెన్ను దగ్గర చిన్న పసుపు డబ్బా కూడా ఉంది గానీ, ఎర్రటిది చూశాక దాన్నెవరు పట్టించుకుంటారు?

"గడ్డ కావచ్చు, మింగకూడనిదేదో మింగి ఉండొచ్చు అంటోంది. నాకూ అట్లనే కనపడుతోంది," అన్నాడు డాక్టరు. "ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. ఈ వయసులో మత్తు తట్టుకుంటుందని మాత్రం గట్టిగా చెప్పలేను."

నేను కుక్కను దగ్గరికి లాక్కున్నాను. అత్త మాత్రం తెరకేసే చూస్తూ ఉండిపోయింది.

"ఏమప్పా, ఆ ఎర్రగీత లోపలుండేది యాడుండాది? కడుపులోనా, పేగుల్లోనా?"

"కడుపులోనే అవ్వా."

"అట్లయితే గడ్డ గాదు. సంగటి."

డాక్టరు నా వైపు చూశాడు. నేను అత్త వైపు చూశాను.

"పొద్దున్నే రెండు ముద్దలు పెట్టినా. అంత దూరం పోతాండాడు, కడుపు మాడ్చుకోని యాడ పోతాడు?"

నాకు కోపం నషాళానికంటింది. డాక్టరు ముందే అరిచేశాను. "చిలక్కు చెప్పినట్టు చెప్తిని కదత్తా! నీ సంగటి పుణ్యమా అని వాని కడుపు కోసుండేవాళ్లు!" ఆమె వంగి కుక్క చెవులు నిమరడం మొదలుపెట్టింది.

డాక్టరు నవ్వాడు. "రాగిసంగటి తిన్న కుక్కను ఈ ప్రోగ్రాం చూసుండదులే. అయినా సంగటేనని నేనిప్పుడే ఒప్పుకోను. సాయంత్రం దాకా నీళ్లు తప్ప ఏం పెట్టొద్దండి. మళ్లీ తీద్దాం."

పగలంతా వరండాలో కూర్చున్నాం. అత్త కుక్క తలను ఒళ్లో పెట్టుకుని "సంగటే అయ్యుండల్ల సామీ" అని గొణుగుతూనే ఉంది. అత్త నా మాట వినకపోవడమే నిజం కావాలని నేను దేవుడికి మొక్కుకున్న రోజు అదొక్కటే.

సాయంత్రం తీసిన ఫొటోలో ఎర్ర డబ్బా రాలేదు. పసుపుది మాత్రం అక్కడే ఉంది. డాక్టరు దాన్ని పెద్దది చేసి చూశాడు. లేచి వచ్చి కుక్క వెన్ను మీద వేళ్లతో మెల్లగా నొక్కుకుంటూ పోయాడు. ఒకచోట అది కుయ్యిమంది.

"ఇదీ అసలు నొప్పి. వెన్నుపూసల మధ్య సందు తగ్గింది. ఆ బాధకే పొట్ట బిగుసుకుంటోంది. పొద్దున్నే చెప్పింది ఈ ప్రోగ్రాం, నేనే ఎర్రదాన్ని చూసి వదిలేసినా," అన్నాడు. ఆపరేషన్ అక్కర్లేదన్నాడు. మాత్రలు, విశ్రాంతి చాలు. దూకడాలు, మంచాలెక్కడాలు మాత్రం బంద్.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

ఇంటికొచ్చిన రోజే ఆమె పరుపు నేల మీదికి దిగింది. మోకాళ్ల నొప్పులు గుర్తుచేస్తే, "వాణ్ణి ఎక్కొద్దన్న్యాడు గానీ నన్ను దిగొద్దన్న్యాడా?" అని నా నోరు మూయించింది.

కొన్నాళ్లకు డాక్టరు మళ్లీ రమ్మన్నాడు, ఖాళీ కడుపుతోనే. ఈసారి చెప్పి లాభం లేదనుకుని, వంటింటికి కాపలా కాద్దామని నేనే ముందు లేచాను. చూస్తే పొయ్యి వెలిగించలేదు. సంగటి గిన్నె బోర్లించి ఉంది. అత్త స్నానం చేసి, ఊరికి పోయే చీర కట్టుకుని, కుక్క పక్కన కూర్చుని ఉంది.

"టీ అన్నా పెట్టుకుందామా అత్తా?"

"వాడు పస్తుంటే మనం తాగి పోతామా? సిగ్గుండల్ల."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ గడప నేను ఖాళీ కడుపుతో దాటడం అదే మొదలు. కర్నూలులో దిగేసరికి నాకు కళ్లు తిరుగుతున్నాయి, అత్త నా భుజం పట్టుకుని నడుస్తోంది. కుక్క మాత్రం మా ఇద్దరికంటే ముందే డాక్టరు మెట్లెక్కి, పైన నిలబడి మా కోసం చూస్తోంది.