థర్మోస్టాట్ కింద దీపం

ఇల్లు వెచ్చగా ఉన్నందుకు కూడా బిల్లు కట్టాలన్న వార్త నాకు మొదట మోసుకొచ్చింది మా వీధి చివర ఉండే గుంటూరక్క. ఆ రోజుల్లో ఈ పరాయి దేశపు నేపర్‌విల్‌లో మా వీధిలో తెలుగు మాట వినాలంటే ఆవిడ మా గుమ్మంలోకి వచ్చేదాకా ఆగాలి. వచ్చాక ఇంక ఆగే పనుండదు. ఒక సాయంత్రం గోంగూర పచ్చడి సీసా నా చేతికిచ్చి, బూట్ల మీది మంచు మా డోర్‌మ్యాట్ మీద దులిపి, "ఏందమ్మాయ్, కొంప ఇంత ఎచ్చగా ఉందే, గ్యాస్ బిల్లు చూసుకుంటున్నారా లేదా" అంది. నాకూ మావారికీ మామగారికీ పప్పూ కూరా వండుకుంటే బిల్లెంత వస్తుందక్కా అన్నాను. ఆవిడ నా వంక జాలిగా చూసి, చెయ్యి పట్టుకుని బేస్‌మెంట్‌లోకి దింపి, మూల నిలబడి బుసలు కొడుతున్న రేకు బీరువా లాంటిదాన్ని చూపించి, "ఇదిగో, నీ అసలు పొయ్యి ఇదీ, ఫర్నేస్. పైన ఉన్నది దీని పిల్ల" అంది. నేలలో ఉన్న జాలీల్లోంచి వచ్చే వెచ్చటి గాలిని అప్పటిదాకా నేను ఎండా వానా లాగా అందరికీ వచ్చేదే అనుకుంటున్నాను. (నేను బడికి వెళ్ళి చదివినదాన్ని కాదు. మా నాన్నగారు గుళ్ళో అర్చకత్వం చేసుకుంటూనే ఇంట్లో నాకు చదువు చెప్పారు, పరీక్షలు ప్రైవేటుగా కట్టించారు. సైన్సు పుస్తకంలో ఉష్ణం పాఠం దగ్గరికి వచ్చేసరికి పుష్కరాలు వచ్చి ఆయన రేవుకి వెళ్ళిపోయారు. ఆ పాఠం మేం మళ్ళీ తెరవలేదు. తక్కినవన్నీ ఆయన దయవల్ల బాగానే వచ్చాయి.)

ఆ అద్దె ఇల్లంటే నాకు ఎందుకంత ప్రాణమో ముందు చెప్పాలి. పెళ్ళయి వచ్చిన కొత్తలో మేమొక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. అక్కడ నిప్పు వెలిగించకూడదని లీజులోనే రాసి ఉంది. వచ్చిన మొదటి శుక్రవారం ఆ సంగతి తెలియక దీపం పెట్టి సాంబ్రాణి వేశాను. అలారం అరిచింది, పై అంతస్తులవాళ్ళందరూ దుప్పట్లు కప్పుకుని పార్కింగ్‌లోకి దిగారు, వాళ్ళ మధ్య నేను కుంకుమ బొట్టుతో, చేతిలో సాంబ్రాణి గరిటెతో నిలబడ్డాను. ఆ తరవాత మావారు ప్లగ్గులో పెట్టే దీపం ఒకటి ఆర్డర్ చేశారు. స్విచ్ వేస్తే వత్తి ఆకారంలో ఉన్న బల్బు మిణుకు మిణుకుమంటుంది. దానికీ భక్తిగానే దణ్ణం పెట్టుకున్నాను గానీ, నూనె పొయ్యని దీపం ముందు నిలబడితే చేతులు ఏం చెయ్యాలో తోచేది కాదు. అందుకని ఈ పాత ఇల్లు అద్దెకి దొరికినప్పుడు, వెనకవైపు మూడు పక్కలా అద్దాలున్న గదిని దేవుడికిచ్చి, నిజమైన వత్తి వేసి నిజమైన దీపం వెలిగించిన రోజున నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. మావారు కంగారుపడి, "పొగ వస్తోందా" అని కిటికీ తెరిచారు.

గుంటూరక్క చెప్పాక ఆయన బిల్లు తీసి చూశారు. అది ఖాతాలోంచి దానంతటదే వెళ్ళిపోతుంది కాబట్టి ఆయనా అప్పటిదాకా చూడలేదు. చూసి, మళ్ళీ మొదటి నుంచి చూశారు. మాట్లాడని మనిషి మాట్లాడితే అది తీర్మానమే అవుతుంది. "లీజు రెన్యూ చేసేలోపు ఇంకో రెండు బిల్లులు చూద్దాం. ఇలాగే వస్తే ఈ ఇల్లు మన వల్ల కాదు, మళ్ళీ అపార్ట్‌మెంట్‌కి పోదాం" అన్నారు. నాకు ప్లగ్గు దీపం కళ్ళముందు మిణుకుమంది.

అప్పుడు మా ఇంట్లో మామగారు ఉన్నారు. అత్తగారు మా ఆడపడుచు పురుడు కోసం హైదరాబాదులో ఉండిపోతే, ఆయనొక్కరే శీతాకాలం చూద్దామని వచ్చారు. తాలూకా ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, మాటల్లో మహా పొదుపరి. కొడుకు తీర్మానం విని, "ఆ గాజు గది మూసెయ్యండర్రా, అక్కడ ఉన్న వేడంతా బయటికి పోతుంది" అని ఒక్క ముక్క అన్నారు. దేవుణ్ణి ఎక్కడ పెట్టాలి అన్నది నా బెంగ. ఇల్లంతా వెతికితే తూర్పు ముఖంగా ఉన్న గోడ హాల్లో ఒక్కటే దొరికింది. దానికి ఒక చెక్క అర కూడా ఎవరో ముందే బిగించి పెట్టారు. దేవుడే చూపించాడనుకున్నాను. అరకి కాస్త పైన గోడమీద చిన్న పెట్టె ఒకటి ఉంది, దాని మీద అంకెలు. నాకది గడియారంలా కనిపించింది. పూజ దగ్గర టైము తెలియడం మంచిదేగా అనుకుని, పటాలు సర్ది, సరిగ్గా దాని కింద కుందె పెట్టాను.

పెట్టి మొక్కుకున్నాను కూడా. "తండ్రీ, బిల్లు తగ్గించు. తగ్గేదాకా పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా నీ ముందు దీపం ఆరనివ్వను" అని. పెద్ద కుందె, లావుపాటి వత్తులు, నువ్వుల నూనె. మంట నిలువుగా, నిండుగా వెలిగేది.

ఆ మర్నాటి నుంచి ఇల్లు చల్లబడడం మొదలైంది. బయట చలి ముదిరిందని సరిపెట్టుకున్నాం. పెరుగు తోడుకోవడం మానేసింది. దోసెల పిండి రుబ్బినది రుబ్బినట్టే ఉండి, పొంగమంటే నా వంక చూసేది. కొబ్బరినూనె సీసాలో రాయి అయితే, తలకి రాసుకోవడానికి గరిటెతో గీరుకునేదాన్ని. మావారు ఇంటి నుంచి పనిచేస్తూ ఉన్ని టోపీతో మీటింగుల్లో కూర్చుంటే, అవతల మేనేజరు మీరేమైనా కొండలెక్కడానికి వెళ్ళారా అని అడిగాడట. "ఫర్నేస్ ఏమైనా ట్రబుల్ ఇస్తోందేమో" అని ఆయన అంటే, "బిల్లు తగ్గాలన్నది మీరే కదండీ" అని నేను. రాత్రి దీపం కొండెక్కాక మాత్రం ఇల్లు ఎందుకో కాస్త వెచ్చబడేది. అది దుప్పట్ల చలవ అనుకునేవాళ్ళం. మామగారు దీపానికి దగ్గరగా కుర్చీ వేసుకుని, మంకీ క్యాపు, దానిమీద మఫ్లర్, దానిమీద శాలువా, వీటన్నిటి లోపల ఎక్కడో జపమాలతో కూర్చునేవారు. "చలిగా ఉందా మామయ్యగారూ" అని అడిగితే, "బాగుందమ్మాయ్, కొండమీద సుప్రభాతానికి క్యూలో నిలబడ్డట్టుంది" అనేవారు.

బిల్లు వచ్చింది. తగ్గింది. ఎంతో కొంత కాదు, మావారు వేరే ఇంటి బిల్లేమోనని పేరు సరిచూసుకునేంత తగ్గింది. నేను ఆయన్ని తడబడకుండా సూటిగా చూసి, "దీపం" అన్నాను. గుంటూరక్క పరిగెత్తుకొచ్చింది. "అయితే మేము కూడా దీపం ఎట్టాలంటావా? మా ఆయన నాస్తికుడు, పని చేసుద్దా?" అని అడిగింది. భక్తి ఎవరిదైతేనేం అక్కా, వత్తి మాత్రం లావుగా వెయ్యమన్నాను. ఆ శనివారం ఆవిడ మరో ముగ్గురు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చి, కోట్లు విప్పకుండానే మా హాల్లో స్తోత్రాలు చదివించింది. చదువుతుంటే నోట్లోంచి ఆవిరి వచ్చేది. ఎంత పవిత్రంగా ఉందో అన్నారు. అందులో ఒకావిడ ప్రసాదం చేతిలో వేయించుకుని వెచ్చగా ఉందని నోట్లో పెట్టుకోకుండా చాలాసేపు పట్టుకునే కూర్చుంది.

అంతా ఇలా బాగుండగా తెనాలి నుంచి ఫోను వచ్చింది. మామగారి జ్ఞాతి, నిండు నూరేళ్ళకి దగ్గరపడ్డ పెద్దాయన, నిద్రలో పోయారని. మైల కాబట్టి దీపం పెట్టకూడదు. ఆయన ఆత్మకి శాంతి కలగాలని దణ్ణం పెట్టుకుంటూనే, నా మొక్కు మధ్యలో తెగిందే అని లోపల గుబులు పడ్డాను. కుందె కడిగి బోర్లించిన పూటే, బేస్‌మెంట్‌లో ఆ రేకు బీరువా ఒళ్ళు విరుచుకుని లేచింది. జాలీలన్నిట్లోంచి వేడిగాలి. సాయంత్రానికి మావారు టోపీ తీశారు, మర్నాటికి స్వెట్టరు తీశారు. పెరుగు గడ్డలా తోడుకుంది. పిండి గిన్నె దాటి స్టవ్ మీదికి పారింది. కొబ్బరినూనె కరిగింది. ఇంట్లో అందరూ సుఖంగా ఉంటే నేనొక్కదాన్నే దిగులుగా తిరిగాను. ఇంత వెచ్చగా ఉందంటే బిల్లు ఎలా వస్తుందో నాకు తెలుసు. "దేవుడికి దీపం లేకపోతే చూశారా, గ్యాస్ ఎలా కాలిపోతోందో" అన్నాను మావారితో. ఆయన మొదటిసారి నా మాటని శ్రద్ధగా విన్నారు. భర్తలు అలా శ్రద్ధగా వింటే కొంచెం జాగ్రత్త పడాలని నాకప్పటికి తెలియదు.

శుద్ధి అయిన రోజు తలంటి పోసుకుని, కుందె తోమి, ఆనందంగా దీపం వెలిగించాను. ఆయన కాఫీ కప్పుతో వచ్చి పక్కన నిలబడ్డారు. కాసేపటికి గోడమీది పెట్టె టిక్కుమంది. బేస్‌మెంట్‌లో చప్పుడు ఆగిపోయింది. ఆయన పెట్టెలో అంకెలు చూశారు. దీపాన్ని చూశారు. దీపానికీ పెట్టెకీ మధ్య అరచెయ్యి పెట్టి చటుక్కున తీసేసుకున్నారు.

"ఇదేమిటో తెలుసా నీకు?"

"గడియారం."

"థర్మోస్టాట్. ఇల్లు చల్లబడితే ఫర్నేస్‌ని లేపేది ఇదే. నువ్వు దీని గడ్డం కింద మంట పెట్టావు. పాపం ఇది ఇల్లంతా ఎండాకాలం అనుకుని ఫర్నేస్‌ని నిద్రపుచ్చుతోంది. బయట మంచు, లోపల మనం."

అంటే కరుణించింది దేవుడు కాదు, మోసపోయింది పెట్టె. నా మాట నమ్మి అంతమంది ఆడవాళ్ళు కోట్లు విప్పకుండా స్తోత్రాలు చదివారు. అక్కడే కూర్చున్న మామగారి వంక చూస్తే, ఆయన చేతిలోని తెలుగు పత్రికలో ఒకే పేజీని అతి శ్రద్ధగా చూస్తున్నారు.

"నాన్నగారూ, మీకు తెలుసా?" అన్నారు మావారు, అనుమానంగా.

"మొదటివారమే తెలిసిందిరా. పొద్దున్నే ఇక్కడే కూర్చుంటానుగా. అమ్మాయి దీపం పెడుతుంది, ఇది టిక్కుమంటుంది, కిందది పడుకుంటుంది. రోజూ అంతే."

"తెలిసి మరి చెప్పరేం? చలికి అందరం గడ్డకట్టుకుపోయాం."

"ఏం చెప్పమంటావు? దీపం వల్ల బిల్లు తగ్గిందంది. దీపం వల్లే తగ్గిందిగా, అందులో అబద్ధమేముంది? ఆ బిల్లు పెరిగితే ఇల్లు వదిలేస్తానన్నావు. వదిలేస్తే ఈ పిల్లకి మళ్ళీ ఆ బల్బు. నాకేముంది, ఇంకో శాలువా కప్పుకుంటే సరిపోయె."

నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. అల్లం దంచుతున్నట్టు చాలాసేపు చప్పుడు చేశాను. మా మామగారు అప్పటిదాకా నాతో మాట్లాడినవన్నీ కలిపినా ఆ ఒక్క పూట మాట్లాడినన్ని ఉండవు. టీ తీసుకుని వచ్చేసరికి మావారు తలపట్టుకుని కూర్చుని ఉన్నారు. "దీపం పక్కకి జరిపితే బిల్లు మళ్ళీ మొదటికొస్తుంది. నాన్నగారిని ఇంకా చలిలో కూర్చోబెట్టలేను. అపార్ట్‌మెంటే చూడాలి" అన్నారు.

మామగారు టీ తాగి, కప్పు కింద పెట్టి, "అమ్మాయ్, ఆ అగరొత్తులు ఇలా పట్రా" అన్నారు. ఆయన ఆ కుర్చీలో కూర్చుని జపం చేస్తూ ఇంకొకటి కూడా చూశారట. దేవుడి ముందు అగరొత్తి పొగ తిన్నగా పైకి వెళ్ళకుండా, ఎవరో పిలిచినట్టు రోజూ ముందుగది వైపే వంగి పోతోందని. "అదెక్కడికి పోతోందో చూద్దాం పదండి. మన గ్యాస్ డబ్బులు కూడా దాంతోనే పోతున్నాయేమో" అన్నారు. ముందు ఆయన మంకీ క్యాపుతో అగరొత్తులు పట్టుకుని, వెనక మావారు టేపు రోల్‌తో, ఆ వెనక నేను, అలవాటు కొద్దీ గంట పట్టుకుని. (గంట ఎందుకని మావారు అడిగారు. అగరొత్తులు కదిలితే గంట కదలడం మా ఇంట్లో ఆనవాయితీ.) ఊరేగింపు ముందుగదిలోకి వెళ్ళింది. కిటికీల దగ్గర పొగ కొంచెం వణికింది, తలుపు కింద కొంచెం తడబడింది. గోడలో మేము ఎప్పుడూ వాడని, కట్టెలు కాల్చుకునే ఫైర్‌ప్లేస్ ఉంది. దాని ముందుకి వెళ్ళేసరికి పొగ ఒక్కసారిగా బారులు తీరి లోపలికి పోయి, పైకెక్కిపోయింది.

మావారు తల లోపల పెట్టి చూశారు. పొగగొట్టానికి ఒక ఇనుప మూత ఉంటుందట, చలికాలంలో మూసి ఉంచాలట. మా కంటే ముందు ఉన్నవాళ్ళు తెరిచి వెళ్ళారో ఏమో, అది బార్లా తెరిచి ఉంది. ఆ శీతాకాలమంతా మేము నేపర్‌విల్ ఆకాశాన్ని వేడి చేశాం. ఆయన మూత లాగి మూస్తే ఏళ్ళనాటి మసి ఆయన ఆఫీసు చొక్కా మీద పడింది. ఆ నల్లటి ముఖంతో వెనక్కి తిరిగి చూస్తే మామగారు నవ్వారు. శబ్దం వచ్చేలా ఆయన నవ్వడం నేను అప్పుడే విన్నాను. ఆ సాయంత్రం ఇల్లంతా అగరొత్తులతో తిరిగి, పొగ వణికిన చోటల్లా టేపు అంటించి, తలుపుల కింద నా పాత నేతచీరలు చుట్టలు చుట్టి పెట్టాం. దేవుణ్ణి హాల్లోనే ఎదుటి మూలకి జరిపి, పడమటి ముఖమైనా పరవాలేదని మామగారి చేత అనిపించుకున్నాను. మళ్ళీ వచ్చిన బిల్లు తక్కువగానే వచ్చింది, అదీ టోపీలు లేకుండా, గట్టి పెరుగుతో. లీజు రెన్యూ చేశారు. కొన్నేళ్ళకి ఇంటివాళ్ళు ఆ ఇల్లే మాకు అమ్మారు.

ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాం. థర్మోస్టాట్ ఇప్పుడు మా అమ్మాయి ఫోనులోకి వెళ్ళిపోయింది. కాలేజీ నుంచి కూడా చూసి, "అమ్మా, మళ్ళీ పెంచావా నువ్వు?" అని అడుగుతుంది. పెంచుతాను. చలికి కాదు, అక్కడ శాలువాలో ముడుచుకుని కూర్చున్న ఒకాయన నాకు కనిపిస్తూ ఉంటారు. గడియారమనుకుని థర్మోస్టాట్‌కి హారతిచ్చిన ఆ పిల్ల కూడా కనిపిస్తుంది. ఆ పిల్ల మీద నాకు కోపం రాదు. ఆ పిల్ల అడిగినదాన్ని దేవుడు కాదనలేదు. కాకపోతే తాను స్వయంగా రాకుండా మంకీ క్యాపు పెట్టుకున్న మనిషిని కుర్చీలో కూర్చోబెట్టాడు, అంతే.

మామగారు పోయి చాలా ఏళ్ళయింది. ఏటా ఫర్నేస్ మొదటిసారి మోగిన రోజున మేమింకా అగరొత్తులతో ఇల్లంతా తిరుగుతాం, గంటతో సహా. మీ ఇంట్లో కూడా ఈ చలికాలం బిల్లు చూసి బెంగ పడితే, ఒక అగరొత్తి వెలిగించి కిటికీల దగ్గరికీ తలుపుల దగ్గరికీ తిరిగి చూడండి. పొగ ఎటైనా వంగితే అక్కడ ఒక్క నిమిషం ఆగి, కోడలి దీపం ఆరకూడదని నోరెత్తకుండా చలిలో కూర్చున్న మా మామగారిని తలుచుకోండి.