లారీ ఆగిన తర్వాత

ఆ రోజుల్లో మా ఇంట్లో యుద్ధం జరగని పూట ఉండేది కాదు. ఫౌజీ తాత (మా బాపు వాళ్ళ నాన్న, మిలిటరీలో లారీ తోలి రిటైరయ్యాడు) అన్నం ముందు కూర్చున్నాడంటే చాలు, ఉల్లిగడ్డను పిడికిలితో గుద్ది పగలగొట్టి, "ఇగ సూడుర్రి, అటు మంచు, ఇటు లోయ, నా లారీ నిండ బాంబులు" అని మొదలుపెట్టేవాడు. శత్రువుల సంఖ్య కూరను బట్టి మారేది. పచ్చిపులుసైతే ఏదో కొద్దిమంది, మటనైతే ఏకంగా దండు. సరిగ్గా "అప్పుడు లారీ ఆగిపాయె" అనే మాట దగ్గర ఇంటిల్లిపాదికీ పనులు గుర్తుకొచ్చేవి. బాపుకు పొలం మోటరు, అమ్మకు పొయ్యి మీద పాలు, చిన్నాయనకు కడుపునొప్పి. నేనైతే చున్నీ చాటున ఫోన్ రింగ్‌టోన్ నొక్కి, "హలో, ఆ మేడం, చెప్పండి" అంటూ వాకిట్లోకి ఉడాయించేదాన్ని. హనుమకొండలో ఒక చీరల షాపులో బిల్లింగ్ కౌంటర్ మీద అప్పుడే కొత్తగా చేరాను మరి. (అక్కడ మేడమే లేదు. ఓనరు సారు. అయినా ఆ మేడం పాపం తాత బతికున్నంతకాలం నాకు రోజూ ఫోన్ చేసింది.)

ఆ తాత ఒక తెల్లవారుజామున నిద్రలోనే, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయాడు. (బతికినన్నాళ్ళు పెట్టినదానికి అది చెల్లు.) మూడో రోజు పిట్టకు పెట్టాలి. మా వైపు పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెడతారు. కాకి వచ్చి ముడితే మనిషి తృప్తిగా వెళ్ళినట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అది ముట్టేదాకా మిగతావాళ్ళెవరికీ మెతుకు లేదు. ధర్మసాగర్ చెరువు పక్కన మా పొలం గట్టు మీద విస్తరి పరిచి మటన్, బోటి, గారెలు, మిలిటరీ రమ్ము అన్నీ పెట్టాం. చెరువులో కొంగలున్నాయి, కరెంటు తీగ మీద పావురాలున్నాయి, కాకి మాత్రం లేదు. ఎండ నెత్తికెక్కింది. మటన్ వాసనకు లొట్టలేస్తూ మేం కూర్చుంటే, బాపమ్మ (బాపు వాళ్ళ అమ్మ) విస్తరి దగ్గర కూలబడింది. "ఏం తక్కువ జేసిన్నయ్యా నీకు? గిట్ల అలిగి పోతె నేనెట్ల బతకాలె?" అని వెక్కివెక్కి ఏడ్చింది. అప్పుడు గానీ మాకు గుండె కలుక్కుమనలేదు.

ఇక హామీలు మొదలయ్యాయి. "అమ్మను మంచిగ సూసుకుంట నాయినా, ఫికర్ జెయ్యకు, జర ముట్టు" అన్నాడు బాపు. "తాగుడు బంద్ జేస్త నాయినా" అన్నాడు చిన్నాయన. (కాకి నమ్మలేదు. మేమూ నమ్మలేదు.) నా నోరు ఊరుకోదు కదా. "ఇంకేం కోరికుంటదే తాతకు? కథ ఒడవలే, సగంల్నే ఆగింది, గంతే" అన్నాను, ఆకలి మీద వెటకారంగా. బాపమ్మ ఏడుపు ఆపి నా వైపు చూసింది.

"అయితె లే. నువ్వే చెప్పు" అంది.

చచ్చినట్టు లేచి నిలబడ్డాను. అటు మంచు, ఇటు లోయ అన్నాను. "బాంబులు మరిచినవ్" అన్నాడు బాపు. "ముందుగాల వంతెన దాటాలె" అన్నాడు చిన్నాయన. రోజూ ఎగ్గొట్టిన ఘనులందరికీ కథ కంఠతా వచ్చు! తలా ఒక చెయ్యి వేసి లారీని ఎలాగో కొండ ఎక్కించాం. "అప్పుడు లారీ ఆగిపాయె" అన్నాను. నేనూ ఆగిపోయాను. బాపు వైపు చూశాను. బాపు చిన్నాయన వైపు చూశాడు. చిన్నాయన రమ్ము వైపు చూశాడు. తర్వాత ఏమైందో మాలో ఒక్కరికీ తెలియదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"నాకెరుక" అంది బాపమ్మ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "మీరంత లేశి పోతిరి. మిగిలింది రోజు నాకే చెప్పెటోడు. లారీల బాంబులు లెవ్వు, గీంబులు లెవ్వు. ఉల్లిగడ్డలు."

"ఉల్లిగడ్డలా!" అన్నాం అందరం.

"ఆ. పైన కొండ మీద పోరగాండ్లు వట్టి రొట్టెలు తింటాండ్రని బస్తా ఈపు మీదేసుకోని నడిశిండు. అటుదిక్కు నుంచి ఒకటే కాల్సుడు. భయానికి లాగు తడిసిందట. ఏడ్సుకుంటనే ఎక్కిండట. ఎక్కినంక ఆఫీసరు, తుపాకి గుండ్లేవిరా అంటె ఇవి తెచ్చినవా అని తిట్టిండట. తిట్టుకుంటనే ఒక ఉల్లిగడ్డ గుద్ది తిన్నడట. మరి నీ కండ్లల్ల నీళ్ళేందిరా అంటె, ఉల్లిగడ్డ ఘాటు సార్ అన్నడట మీ తాత."

పడీపడీ నవ్వాం. బాపమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే అందరం ఏడ్చాం. ఎవరికీ మోటరు గుర్తుకు రాలేదు, కడుపు నొయ్యలేదు. చివరికి అమ్మ "అగ్గో!" అంటే తిరిగి చూశాం. విస్తరిలో మటన్ చెల్లాచెదురై ఉంది. తీగ మీద ఒక కాకి తీరిగ్గా ముక్కు రాసుకుంటోంది. అది ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు ముట్టిందో ఎవరమూ చూడలేదు. అందరం తాత కథ వింటున్నాం.

ఇప్పుడు మా ఇంట్లో ఆ కథ చెప్పేది నేనే. లారీ కొండ ఎక్కుతుండగానే మా అమ్మాయి ఫోన్ మోగుతుంది. "హలో, ఆ సార్" అంటూ బాల్కనీలోకి జారుకుంటుంది. ఆ సార్ నాకు తెలియనివాడేం కాదు, మా మేడం తమ్ముడై ఉంటాడు. ఉల్లిగడ్డల దాకా నన్ను ఇంతవరకు చేరనివ్వలేదు. అందుకని మిగతాది మా ఆయనకు చెబుతున్నాను, రోజూ. రేపు నా విస్తరి దగ్గరికి కాకి రాకపోతే ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి కదా.